గుండె సాక్షి చెబితే

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి వచ్చి, “చనిపోయిన మనిషిని ఇన్ని వందల ఏళ్లు దాచడమెందుకు తాతయ్యా?” అని ఫోనులో అడిగారు. అప్పుడు పొడిపొడిగా ఏదో చెప్పి తప్పించుకున్నాను కనుక ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

ప్రాణం పోయినా ఆత్మ వచ్చి నిలవడానికి దేహం ఉండాలని ప్రాచీన ఈజిప్టువారు నమ్మారు. అందుకే శవాన్ని నేట్రాన్ అనే ఉప్పులో ఎండబెట్టి, అవిసెనార బట్టతో చుట్టేవారు. ఆ క్రతువంతా ముగిసేసరికి 70 రోజులు పట్టేది. కాలేయం, పేగుల వంటివాటిని తీసి భద్రపరిచేవారు, మెదడును కొక్కెంతో ముక్కులోంచి లాగి పారేసేవారు, గుండెను మాత్రం సాధారణంగా దాని చోటనే ఉంచేవారు. తెలివి, జ్ఞాపకం గుండెలోనే ఉంటాయని వారి నమ్మకం. పైగా పరలోకంలో దానితో పని ఉంది.

ఆ పని ఏమిటో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అనీ అనే లేఖకుడి పపైరస్‌లో (నీటిమొక్క కాడలతో చేసిన కాగితపు చుట్టలో) చూడవచ్చు. అది సుమారు క్రీ.పూ. 1250 నాటిది. త్రాసులో ఒక పళ్లెంలో అనీ గుండె, రెండో పళ్లెంలో సత్యదేవత మాత్ ఈక ఉంటాయి. నక్కతల దేవుడు అనూబిస్ మోకరిల్లి ముల్లు సరిచూస్తుంటాడు. పొడవైన వంకర ముక్కున్న పక్షితల తోత్, మన చిత్రగుప్తుడిలా, కలం పట్టి రాసుకుంటుంటాడు. అతని వెనుక మొసలి తల, సింహం ముందుకాళ్లు, నీటిగుర్రం వెనుకభాగం గల అమ్మిత్ కాచుకుని ఉంటుంది. గుండె ఈకకన్నా బరువు తూగితే దానికి ఆహారమే. అంతటితో ఆ మనిషి రెండోసారి, ఇక తిరుగులేకుండా, చనిపోయినట్లు.

నాకు ముచ్చటగా తోచేది మరొకటి ఉంది. 42 మంది దేవతల ముందు “నేను దొంగిలించలేదు, అబద్ధమాడలేదు” అని వరుసగా చెప్పుకోవలసిన ఆ మనిషి రొమ్ముపై, “నా గుండే, నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకు” అనే మంత్రం చెక్కిన రాతి పేడపురుగును ఉంచేవారు. దేవుళ్లకు ఏదో చెప్పుకోవచ్చుగాని, సొంత గుండె నోరు విప్పితేనే భయం!

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నాగరికతలో ఇలాంటి తూకం కనిపించదు. మంచివాడైనా చెడ్డవాడైనా, దుమ్మే తిండిగా బతికే చీకటి ఇంటికి పోవలసిందే. కనుక అక్కడ మన తిలోదకాల్లాగే, చనిపోయినవారికి నీళ్లు, అన్నం సమర్పించడం వారసుల విధి అయింది.

ఈజిప్టులో తూకం గట్టెక్కినవారు రెల్లుపొలాలనే పరలోకానికి చేరతారు. అక్కడా దున్నాలి, కోయాలి. ఆ చాకిరీ తప్పించుకోవడానికి, పిలుపు వస్తే “ఇదిగో, నేనున్నాను” అని బదులు పలకవలసిన షబ్తీలనే బొమ్మలను సమాధిలో పెట్టేవారు. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ అనే ఈజిప్టు రాజు సమాధిలో అవి 413 ఉన్నాయి: రోజుకొకరి చొప్పున 365 మంది కూలీలు, వారిపై 36 మంది మేస్త్రీలు, నెలకొకరు చొప్పున మరో 12 మంది పెద్ద మేస్త్రీలు.

ఇట్లు,
మీ తాతయ్య