పూల్ పచ్చబడితే ఏం చేయాలి: న్యూజెర్సీ మనవలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులు చిన్నుకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

చలికాలమంతా కప్పి ఉంచిన కవర్ తీసి, వీడియో కాల్‌లో మీ స్విమ్మింగ్ పూల్ చూపించారు. నీళ్లు ముదురు పచ్చగా ఉన్నాయి. “ఏం పోస్తే రేపటికి బాగవుతుంది తాతయ్యా?” అన్నావు చిన్నూ. రేపటికి కాదురా, వారం పట్టొచ్చు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు కాబట్టి రాస్తున్నాను. నాన్నని కూడా చదవమనండి, వాడి పని కూడా ఇందులో ఉంది.

ఆ పచ్చదనం నాచు. మన కోనేటి మెట్ల మీద పాకుడు పట్టి కాలు జారేలా చేసేది కూడా ఈ బాపతే. గాలిలో, వాన నీళ్లలో, రాలిన ఆకులతో వచ్చి పడుతుంది. ఎండ తగిలి, నీళ్లు వెచ్చబడి, కుళ్లిన ఆకుల్లోంచి నైట్రేట్లు, ఫాస్ఫేట్లు దిగి, పైగా నీళ్లలో క్లోరిన్ లేకపోతే దానికి ఇక అడ్డే లేదు. నాచు బతికి ఉందంటే జబ్బు తెచ్చే క్రిములు కూడా బతకగలవు. అంతకంటే పెద్ద భయం, అడుగు కనిపించకపోవడం. ఎవరైనా మునిగినా పైనుంచి చూసేవాళ్లకి తెలియదు. అందుకని ఇవాళే నిచ్చెన తీసి గరాజ్‌లో పెట్టించండి. నేల మీద నిలబెట్టే పూల్‌తో ఉన్న సౌకర్యం ఇదే, నిచ్చెన లేకపోతే చిన్నపిల్లలు ఎక్కడం కష్టం.

ముందుగా వలతో ఆకులు, చెత్త తీసేయండి. అడుగున ఆకులు ఉండగా క్లోరిన్ పోస్తే సగం వాటికే ఖర్చయిపోతుంది.

తర్వాత లెక్క. మీది 18 అడుగుల గుండ్రటి పూల్, నీళ్లు 4 అడుగులు. 18ని 18తో, దాన్ని 4తో, దాన్ని 5.9తో గుణిస్తే 7,646. అంటే ఇంచుమించు 7,600 గ్యాలన్లు, మన లెక్కలో 29 వేల లీటర్లు. అమ్ములూ, ఆ 5.9 ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వే కనుక్కో. ఘనపుటడుగుకి 7.48 గ్యాలన్లు, ఇక మిగిలింది పై (π) విలువలో నాలుగో వంతు.

ఇప్పుడు టెస్ట్ కిట్ తీయండి. మొదట పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమా క్షారమా అని చెప్పే అంకె చూడాలి, క్లోరిన్ బాగా ఎక్కువైతే పీహెచ్ రంగు సరిగా చూపించదు. నాచు పగటిపూట నీళ్లలోని బొగ్గుపులుసు వాయువుని లాగేసుకుంటుంది కనుక పచ్చబడిన పూల్‌లో పీహెచ్ ఎక్కువే ఉండొచ్చు. క్లోరిన్ నీళ్లలో కలిశాక రెండు రూపాల్లో ఉంటుంది. అందులో గట్టిగా పనిచేసేది హైపోక్లోరస్ యాసిడ్. పీహెచ్ 7.5 దగ్గర ఇది దాదాపు సగం ఉంటుంది, 8కి వెళ్తే పావు వంతుకి పడిపోతుంది. డబ్బా అదే, డబ్బులూ అవే, పని మాత్రం సగం. అందుకే ముందు పీహెచ్‌ని 7.2 దగ్గరికి తేవాలి. తగ్గించడానికి మ్యూరియాటిక్ యాసిడ్, పెంచాలంటే సోడా యాష్, అంటే మన చాకలి సోడా.

ఇంకో సంఖ్య సైన్యూరిక్ యాసిడ్ది. ఎండకి క్లోరిన్ ఆగదు, మధ్యాహ్నం గంటలోపే సగం ఎగిరిపోతుంది. ఈ యాసిడ్ దానికి గొడుగు పడుతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే చాలు. పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము అనుకోండి. ఎక్కువైతే క్లోరిన్ చేతులు కట్టేసినట్టే. నీళ్లలో తేలే ప్లాస్టిక్ డబ్బాలో వేసే తెల్ల బిళ్లల్లో ఇది కలిసే ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది పేరుకుపోతుంది. వదిలించుకోవాలంటే కొంత నీళ్లు తీసేసి కొత్త నీళ్లు నింపడం తప్ప సులువైన దారి లేదు. ఆ నీళ్లని క్లోరిన్ పోయాక పచ్చిక మీదికి వదలండి, వీధి కాలువలోకి వద్దు, చివరికి చేపల దాకా వెళ్తుంది. రెండు మూడేళ్లు బిళ్లలు వాడి “క్లోరిన్ పనిచేయడం లేదు” అని వాపోయేవాళ్లలో చాలామంది చూడాల్సింది ఈ సంఖ్యే.

సైన్యూరిక్ యాసిడ్ 30 ఉంటే, నాచుని చంపడానికి క్లోరిన్‌ని 12 దాకా తీసుకెళ్లాలి. పది శాతం లిక్విడ్ క్లోరిన్ ఒక గ్యాలన్ పోస్తే 10 వేల గ్యాలన్ల నీళ్లలో సుమారు 10 పీపీఎం పెరుగుతుంది. మీ పూల్‌లో 13. అంటే గ్యాలన్‌కి కాస్త తక్కువ. సాయంత్రం ఎండ దిగాక, పంపు తిరుగుతుండగా నాన్న పోస్తాడు. మీరు దూరంగా నిలబడి చూడండి, అంతే.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ డబ్బాలు మీరు ముట్టుకోకూడదు. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది. తెల్ల బిళ్లలు, షాక్ అని అమ్మే కాల్షియం హైపోక్లోరైట్ పొడి ఒకచోట కలిస్తే మంట లేచి పేలొచ్చు. ఒకదానికి వాడిన స్కూప్ ఇంకోదానికి వాడినా ప్రమాదమే. మందుని నీళ్లలో పోయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. నాన్న గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా దిగితే గట్టిగా గొడవ చేయండి, నేను చెప్పానని చెప్పండి.

మీ వంతు బ్రష్ పని. బయట నిలబడి పొడుగు కర్రతో గోడలు, లైనర్ (లోపల పరిచిన ప్లాస్టిక్ షీటు) ముడతలు, నిచ్చెన ఉండే చోటు రోజూ రుద్దండి. నాచు జిగురు పొరలో దాక్కుంటుంది, పొర చెదిరితేనే క్లోరిన్ దాకా చేరుతుంది. పంపు రాత్రింబవళ్లు తిరగాలి. మీది ఇసుక ఫిల్టర్, గేజ్‌లో ఒత్తిడి మామూలు కంటే 8, 10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయమనండి, అంటే నీళ్లని ఎదురు తిప్పి ఇసుకని కడగడం.

ఒకటి రెండు రోజుల్లో పచ్చదనం పోయి నీళ్లు పాలిపోయినట్టు అవుతాయి. చెడిపోయిందని టెన్షన్ పడొద్దు, అది చచ్చిన నాచు. ఫిల్టర్ లాగేస్తుంది. తొందరైతే పటికలాంటి ఫ్లాక్ వేసి అడుక్కి దింపొచ్చు. బిందెలో బురద నీళ్లకి మీ ముత్తమ్మమ్మ చిల్లగింజ అరగదీసి కలిపేది, పని ఇదే. కానీ పూల్‌లో ఆ మడ్డిని వ్యాక్యూమ్‌తో బయటికి తోడాలి, అదొక తంటా. నేనైతే ఫిల్టర్‌కే వదిలేస్తాను. రాగి ఉన్న ఆల్గసైడ్, అంటే నాచు మందు కూడా నాకు నచ్చదు. జుట్టు పచ్చబడేది క్లోరిన్ వల్ల అనుకుంటారు, అసలు కారణం ఆ రాగే.

ఏది పడితే అది పోస్తే ఏమవుతుందో 2016లో రియో ఒలింపిక్స్‌లో లోకమంతా చూసింది. డైవింగ్ పూల్ ఉన్నట్టుండి పచ్చబడింది, పక్క పూల్ కూడా అదే దారి పట్టింది. క్లోరిన్ ఉన్న నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారని, అది క్లోరిన్‌ని పనికిరాకుండా చేసిందని నిర్వాహకులే తర్వాత చెప్పారు. రెండో పూల్‌లో ఏకంగా నీళ్లే మార్చాల్సి వచ్చింది.

అన్నట్టు, మీ రాష్ట్రంలోనే బూన్‌టన్ రిజర్వాయర్ దగ్గర 1908లో డాక్టర్ జాన్ లీల్ జెర్సీ సిటీ తాగునీళ్లకి క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఒక పట్టణం నీళ్లకి ఆపకుండా క్లోరిన్ వేయడం అదే తొలిసారి. ఆయన వాడింది మన పంచాయతీ వాళ్లు వరద తర్వాత బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ లాంటిదే.

ఇక పని అయిందని ఎలా తెలుస్తుంది? నీళ్లు తేటపడగానే అందరూ ఆపేస్తారు, వారంలో మళ్లీ పచ్చబడుతుంది. కంటికి కనిపించని నాచు మిగిలి ఉంటుంది మరి. ఎండ పోయాక క్లోరిన్ కొలిచి రాసుకోండి. పొద్దున్నే ఎండ పడకముందు మళ్లీ కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి తగ్గినదంతా నాచు, చెత్త తిన్నదే. తేడా ఒక పీపీఎంలోపు ఉండి, అడుగు శుభ్రంగా కనిపిస్తే నాచు పోయినట్టే. లేకపోతే క్లోరిన్‌ని మళ్లీ 12కి తెచ్చి ఇంకో రోజు.

తర్వాత క్లోరిన్ 4కి దిగేదాకా ఆగి పూల్‌లో దిగండి. ఆపైన 2కి తగ్గకుండా చూసుకోండి. ఒకవేళ కళ్లు మండి ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకోకండి. చెమట, ఉచ్చ క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసన అది. చిన్నూ, దిగే ముందు బాత్రూంకి వెళ్లి, స్నానం చేసి రా. ఎవరి గురించి అంటున్నానో నీకు తెలుసు.

సాయంత్రం అంకె, పొద్దున అంకె ఒక నోట్‌బుక్‌లో రాసి ఫొటో పంపండి. అమ్ములూ, 5.9 లెక్క కూడా.

మీ తాతయ్య