ఢిల్లీలో రవాణా మంత్రి ఎవరు?

కేంద్రంలో రవాణా మంత్రి ఎవరని అడిగితే ఎక్కువమంది నితిన్ గడ్కరీ పేరు చెబుతారు. అది సగం జవాబే. ఆయన చూసేది రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ. రైళ్లు అశ్వినీ వైష్ణవ్ చేతిలో, ఓడలూ రేవులూ సర్బానంద సోనోవాల్ చేతిలో, విమానాలు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడి చేతిలో ఉన్నాయి. మెట్రో పట్టాల మీదే నడిచినా దాని ప్రతిపాదనలు రైల్వే శాఖకు వెళ్లవు, గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖకు వెళతాయి. భవనాలు కూడా వేరే. దశాబ్దాలుగా పార్లమెంట్ స్ట్రీట్‌లోని పరివహన్ భవన్ ఒకటి, రైసినా రోడ్డులోని రైల్ భవన్ ఒకటి, సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం పక్కన విమానయానం వారి రాజీవ్‌గాంధీ భవన్ మరొకటి.

ఇలా ఎందుకు ముక్కలైందన్న ప్రశ్నకు అధికారిక జవాబు పాలనా సౌలభ్యం. శాఖల విభజన తేదీలనూ ఆ రోజుల్లో మంత్రివర్గాల్లో ఎవరున్నారన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం వేరే లెక్క కనబడుతుంది. కుర్చీని బట్టి మనిషిని వెతకడం కంటే మనిషిని బట్టి కుర్చీని తయారు చేయడమే ఎక్కువసార్లు జరిగింది.

మొదటి చీలిక మాత్రం రాజకీయం కాదు, డబ్బు. రైల్వే బోర్డు 1905లోనే ఏర్పడింది. రైళ్ల రాబడిని సర్కారు ఇష్టం వచ్చినట్టు వాడుకుంటోందన్న ఫిర్యాదుల మీద ఆక్‌వర్త్ కమిటీ నివేదిక ఇవ్వడంతో 1924లో రైల్వే పద్దును సాధారణ బడ్జెట్ నుంచి విడదీశారు. 2017లో మళ్లీ కలిపేదాకా ఆ ఏర్పాటు తొంభై ఏళ్లకు పైగా సాగింది. సొంత పద్దు, సొంత బోర్డు, సొంత ఉద్యోగ వర్గం ఉన్న శాఖ మరొకరి కింద పనిచేయడానికి ఎందుకు ఒప్పుకుంటుంది?

రోడ్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. 1919 సంస్కరణలతో అవి రాష్ట్రాల బాధ్యతగా మారాయి. కేంద్రానికి వాటి మీద శ్రద్ధా లేదు, నిధీ లేదు. ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన వేసిన కమిటీ చెప్పాకే గ్యాలన్ పెట్రోలుకు రెండణాలు అదనంగా వసూలు చేసి 1929లో కేంద్ర రహదారి నిధి పెట్టారు. అయితే మంచి రోడ్డు పడితే బస్సు వస్తుంది, బస్సు వస్తే రైలు టికెట్లు తగ్గుతాయి. 1930ల మాంద్యంలో ఇది పెద్ద తగాదా అయింది. 1933లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు రోడ్డు, రైలు పోటీ మీద నివేదిక ఇచ్చారు. దాని వెనకే వచ్చిన 1939 మోటారు వాహనాల చట్టంలోని పర్మిట్ల విధానం ప్రయాణికుల భద్రతకు ఎంత పనికొచ్చిందో గానీ, రైల్వేల రాబడిని కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. లారీ యజమానులు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆర్టీఏ కార్యాలయాల చుట్టూ తిరగడానికి మూలం అక్కడ ఉంది.

సరిగ్గా అదే కాలంలో హైదరాబాద్ సంస్థానం ఈ తగాదాను మరోలా తెంచింది. రైలుకు బస్సు పోటీ అనుకుంటే బస్సునూ రైల్వేకే అప్పగిస్తే సరి! 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. 1945లో వచ్చిన దక్కన్ ఎయిర్‌వేస్‌లోనూ పెద్ద వాటా ఆ రైల్వేదే. పట్టాలు, రోడ్డు, ఆకాశం మూడూ ఒకే యాజమాన్యం చూసిన అరుదైన ఏర్పాటు అది. ఢిల్లీ కమిటీలు తర్వాత అరవై డెబ్బై ఏళ్లు నివేదికల్లో రాసుకున్నది సికింద్రాబాద్‌లో అప్పటికే నడిచింది. 1951 నవంబరులో బస్సులు రైల్వే నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి మారాయి. 1958 జనవరి 11న అదే విభాగం ఏపీఎస్ ఆర్టీసీ అయింది. రాష్ట్రాల ఆర్టీసీల మూలధనంలో కేంద్రం వాటా తొలినాళ్లలో రైల్వేల ద్వారా వచ్చిందంటే ఇప్పుడు వింతగా ఉంటుంది గానీ, ఆ వాటా గొడవ రాష్ట్ర విభజన తర్వాత కూడా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను వదల్లేదు.

కేంద్రంలో రవాణా పేరుతో ఒక శాఖ పుట్టడానికి యుద్ధం కావలసి వచ్చింది. 1942 జులైలో కమ్యూనికేషన్ల శాఖను రెండుగా చేసి ఒక సగానికి యుద్ధ రవాణా శాఖ అని పేరు పెట్టారు. దాన్ని చూసినవాడు వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడు ఎడ్వర్డ్ బెంథాల్. పెద్ద రేవులు, రైళ్లలో ఏ సరుకు ముందు వెళ్లాలన్న నిర్ణయం, పెట్రోలు రేషన్, బొగ్గు గ్యాసుతో నడిచే బండ్లు దాని పనులు. పాత తరానికి బొగ్గు బస్సులు గుర్తుండే ఉంటాయి. బస్సు వెనక నిలువెత్తు డబ్బా, అందులో బొగ్గు, దాన్ని రాజేయడానికి క్లీనరు చేత్తో తిప్పే గాలిమర. గ్యాసు అందేదాకా ప్రయాణికులు ఓపిక పట్టవలసిందే. ఎత్తు వస్తే కొందరు దిగి నడిచేవారు కూడా. ఆ డబ్బాల విధానాన్ని చూసిన శాఖే నేటి గడ్కరీ శాఖకూ, సోనోవాల్ శాఖకూ మూలపురుషుడు.

1946 తాత్కాలిక ప్రభుత్వంలో ఆసఫ్ అలీ, స్వాతంత్ర్యం వచ్చాక జాన్ మథాయ్, తర్వాత ఎన్. గోపాలస్వామి అయ్యంగార్, 1952 నుంచి లాల్ బహదూర్ శాస్త్రి. వీరందరి శాఖ పేరు రైల్వేలు, రవాణా. అంటే ఆ పదేళ్లూ మంత్రి స్థాయిలో రైలూ రోడ్డూ ఒకే బల్ల మీదికి వచ్చేవి. దాన్ని చెదరగొట్టినది మన నేల మీద జరిగిన ఒక ప్రమాదమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది గానీ, సంబంధం లేదనడమూ కుదరదు. 1956 సెప్టెంబరు 2 రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా పోయారు. శాస్త్రి రాజీనామా చేస్తానంటే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళ నేల మీద అరియలూరు వద్ద అంతకంటే ఘోరం జరిగింది. ఈసారి శాస్త్రి ఆగలేదు, నెహ్రూ ఆపలేదు.

ఈ కథను ఇక్కడితో ఆపి నైతిక బాధ్యత గురించి ఉపన్యాసం చెప్పడం మనకు అలవాటు. తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. 1957 ఎన్నికల తర్వాత శాస్త్రి మళ్లీ మంత్రివర్గంలోకి వచ్చారు. వచ్చింది రవాణా, కమ్యూనికేషన్ల మంత్రిగా. రైల్వేలు జగ్జీవన్ రామ్ దగ్గరే ఉండిపోయాయి. అప్పుడు విడిపోయిన రైలూ రవాణా ఆ తర్వాత ఒక్కసారే కలిశాయి, అదీ ఏడాది పైచిలుకు.

అప్పటినుంచి శాఖ పేరు ఎన్నోసార్లు మారింది. 1966 జనవరి 25న రవాణా, విమానయాన శాఖ ఏర్పడింది. రోడ్లు, ఓడలు, విమానాలు, పర్యాటకం అన్నీ దాని కిందికే వచ్చాయి. ఇందిరా గాంధీ తొలి మంత్రివర్గంలో ఆ శాఖ నీలం సంజీవరెడ్డిది. 1967 మార్చి 13న దాన్ని మళ్లీ రెండు చేశారు. షిప్పింగ్, రవాణా వి.కె.ఆర్.వి. రావుకు, పర్యాటకం, విమానయానం కరణ్ సింగ్‌కు వెళ్లాయి. సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరయ్యారు. మంత్రి ఉన్నంతకాలమే శాఖ ఉంది. యాదృచ్ఛికమేనని ఎవరైనా అంటే వాదించను, నమ్మను కూడా.

ఆ 1967 విభజన మరో తమాషాను మిగిల్చింది. రైలు ప్రమాదాలపై విచారణ జరిపే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద పనిచేయదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. తప్పు చేసినవారే విచారించుకోకూడదని 1941లోనే తనిఖీ అధికారులను రైల్వే బోర్డు నుంచి తప్పించి తపాలా, విమానయానం చూసే శాఖకు అప్పగించారు. అక్కడినుంచి విమానయానంతో పాటు అదీ ఇల్లు మారింది. ముక్కలు చేయడం వల్ల మంచి జరిగిన సందర్భం ఒక్కటి చెప్పమంటే దీన్ని చెబుతాను.

తెలుగువారిలో ఈ కుర్చీకి వచ్చిన మరో పెద్ద పేరు కోట్ల విజయభాస్కర రెడ్డి. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు చేతిలో కాంగ్రెస్ ఓడి ముఖ్యమంత్రి పదవి పోగానే ఆయన ఢిల్లీ వెళ్లి షిప్పింగ్, రవాణా మంత్రి అయ్యారు. రాష్ట్రంలో ఓడిన నాయకుడికి కేంద్రంలో చోటు చూపించడానికి ఈ శాఖ బాగా పనికొచ్చేది. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు.

రాజీవ్ గాంధీ ఒక్కడే దీన్ని సూత్రప్రాయంగా ఆలోచించి చేశారు. 1985 సెప్టెంబరు 25న రైల్వేలు, విమానయానం, ఉపరితల రవాణా (అంటే రోడ్లు, ఓడలు) అనే మూడు విభాగాలను ఒకే రవాణా మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చారు. మంత్రి బన్సీలాల్. 1986 జూన్‌లో ఆయన హర్యానా ముఖ్యమంత్రిగా వెళ్లిపోయారు. మొహసినా కిద్వాయ్ వచ్చారు. అక్టోబరు 22న శాఖను మళ్లీ విడగొట్టారు. మాధవరావు సింధియాకు రైల్వేలు, రాజేశ్ పైలట్‌కు ఉపరితల రవాణా స్వతంత్రంగా దక్కాయి. ఎదుగుతున్న యువ నాయకులకు పైన ఒక పెద్ద మంత్రి ఉండటం ఎవరికీ ఇష్టం లేకపోవచ్చు. దేశంలో ఏకీకృత రవాణా శాఖ ఆయుష్షు పదమూడు నెలలు. అది పనిచేసిందో లేదో తేల్చడానికి కూడా చాలని సమయం.

తర్వాతి ఘట్టం సంకీర్ణాలది. 1999లో ఉపరితల రవాణాను రెండు విభాగాలు చేశారు, 2000 నవంబరులో రెండు మంత్రిత్వ శాఖలు చేశారు. 2004 అక్టోబరు 2న మళ్లీ కలిపారు. 2009లో మళ్లీ విడదీశారు. మధ్యలో 2004 మేలో జరిగింది తెలంగాణవారికి బాగా తెలుసు. మన్మోహన్ సింగ్ మంత్రివర్గంలో కె. చంద్రశేఖర్ రావుకు షిప్పింగ్ ఇచ్చారు. ఆ శాఖ తమకు మాట ఇచ్చిందేనని డీఎంకే పట్టుబట్టింది. కొద్ది రోజుల్లోనే ఆయన దాన్ని వదులుకుని శాఖ లేని మంత్రిగా ఉండి, ఆ ఏడాది చివర్లో కార్మిక శాఖ తీసుకున్నారు. షిప్పింగ్ డీఎంకేకు చెందిన టి.ఆర్. బాలు చేతికి వెళ్లింది. ఆయన దగ్గర రోడ్లు అప్పటికే ఉన్నాయి కాబట్టి రెండు శాఖలూ కలిశాయి. భారత్, శ్రీలంక మధ్య ఓడలు వెళ్లడానికి తలపెట్టిన సేతుసముద్రం కాలువ ఆ పార్టీకి అప్పట్లో ఎంత ముఖ్యమో గుర్తున్నవారికి ఈ పట్టుదల అర్థమవుతుంది. 2009లో రోడ్లు కమల్‌నాథ్‌కు, రేవులు జి.కె. వాసన్‌కు పంచడంతో కలిసినది విడిపోయింది.

ఈ పంపకాల నడుమ రోడ్ల శాఖ బలం పెరగడానికి కారణం మంత్రులు కారు, లీటరు మీద రూపాయి. 1998లో వాజ్‌పేయి జాతీయ రహదారుల అభివృద్ధి కార్యక్రమం ప్రకటించారు. పెట్రోలు, డీజిల్ మీద సెస్సు వేసి, 2000లో కేంద్ర రహదారి నిధి చట్టంతో దానికి కాపలా పెట్టారు. జయకర్ కమిటీ రెండణాల ఆలోచనే మళ్లీ, ఈసారి పెద్ద ఎత్తున. నాలుగు మహానగరాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో చెన్నై, కోల్‌కతా భుజం నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ, శ్రీకాకుళం మీదుగా పోయింది. దాన్ని పరుగెత్తించిన మంత్రి రిటైర్డ్ మేజర్ జనరల్ బి.సి. ఖండూరి. అదే పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాసిన యువ ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. రహదారుల విజయగాథ రాసేవారు ఈ పేరు దాటేయకూడదు.

2014 నుంచి గడ్కరీ ఉన్నారు. ఈ శాఖలో ఇంతకాలం నిలిచిన మంత్రి లేరు. 2014లో 91,287 కిలోమీటర్లున్న జాతీయ రహదారులు పదేళ్లలో లక్షా నలభై ఆరు వేలు దాటాయి. 2020-21లో ఒక్క ఏడాదే 13,327 కిలోమీటర్లు వేశారు. పెరిగిన పొడవులో చాలా భాగం రాష్ట్ర రహదారులకు బోర్డు మార్చి జాతీయమని పేరు పెట్టినదే అన్న సంగతీ చెప్పుకోవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. మహబూబ్‌నగర్, అరియలూరు రెండింటిలో పోయినవారికంటే ఎక్కువమంది ప్రతిరోజూ అన్న లెక్క. దీనికి రాజీనామా అడిగేవారూ లేరు, చేసేవారూ లేరు.

ముక్కలుగా ఉండటం వల్ల నష్టం ఏమిటన్నది విశాఖలో నిలబడి చూస్తే తెలుస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆధ్వర్యంలో కట్టిన రేవు అది, 1933లో తెరిచారు. రైలు వచ్చే చోటే ఓడ ఆగాలని ఆనాడు ఒకే చేయి అనుకుంది. ఇప్పుడు రేవు ఓడరేవుల శాఖది, సరుకు ఎత్తుకెళ్లే వ్యాగన్లు రైల్వేలవి, బయటికి వెళ్లే పదహారో నంబరు రహదారి రోడ్ల శాఖది. రేవు నుంచి ఆ రహదారికి దారి వేయడానికి రేవూ, జాతీయ రహదారుల సంస్థా కలిసి ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టుకోవలసి వచ్చింది. పక్కనే ఉన్న హిందుస్థాన్ షిప్‌యార్డు 2010 దాకా షిప్పింగ్ శాఖది, ఆ తర్వాత రక్షణ శాఖది. దేశమంతటి లెక్క చూసినా అంతే. 1950-51లో సరుకు రవాణాలో తొంభై శాతానికి దగ్గరగా ఉన్న రైలు వాటా మూడో వంతుకు పడిపోయింది. రైల్వే మంత్రి రైలు పెంచుకోవాలని, రోడ్ల మంత్రి రోడ్డు పెంచుకోవాలని చూస్తారు. ఏ సరుకు దేని మీద వెళితే దేశానికి చవక అని అడిగే కుర్చీ లేదు.

రాకేశ్ మోహన్ నేతృత్వంలోని జాతీయ రవాణా అభివృద్ధి విధాన కమిటీ 2014లో ఇదే చెప్పి, క్రమంగా ఒకే రవాణా మంత్రిత్వ శాఖ వైపు వెళ్లాలని సూచించింది. అంతకు ముందు నియోగీ కమిటీ, పాండే కమిటీ కూడా సమన్వయం గురించి రాసినవే. ప్రభుత్వం శాఖలను కలపలేదు. 2021 అక్టోబరు 13న గతిశక్తి పేరుతో అన్ని శాఖల ప్రణాళికలనూ ఒకే డిజిటల్ పటం మీద చూపించే ఏర్పాటు తెచ్చింది. దాన్ని నడిపించే బాధ్యత ఈ శాఖల్లో దేనికీ ఇవ్వలేదు, వాణిజ్య, పరిశ్రమల శాఖకు ఇచ్చింది.