లెక్కలోకి రాని ఖర్చులు

చాలీచాలని జీతంతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్ళకి అద్దె, సరుకులు ముందే తెలిసిన ఖర్చులు. తిప్పలుపడి ఎలాగో సర్దుతారు. కొంప ముంచేవి మధ్యలో వచ్చిపడేవే. పిల్లకి జ్వరం, తెగిపోయిన చెప్పులు, పని దొరకని వారం. చేబదుళ్ళు మొదలయ్యేది అక్కడే. బతకడానికి ఎంత కావాలో నూరేళ్ళ పైచిలుకు క్రితం లెక్క కట్టినప్పుడే ఇలాంటివి పక్కకి పోయాయి. ఇది నా ఆరోపణ కాదు, లెక్క కట్టినవాళ్ళే రాసిపెట్టారు.

1899లో ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో సీబోమ్ రౌంట్రీ కార్మికుల ఇళ్ళన్నీ సర్వే చేయించాడు. ఈయన చాక్లెట్ ఫ్యాక్టరీ ఓనరు కొడుకు. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలు (అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు) ఉంటే ఒంట్లో ఓపిక నిలుస్తుందని తేల్చాడు. ఆ డబ్బుతో నడవాలంటే రైలెక్కకూడదు, దూరాన ఉన్న పిల్లలకి ఉత్తరం రాయకూడదు (స్టాంపుకి డబ్బులుండవు), పిల్లలకి బొమ్మ కొనకూడదు, ఒక్కరోజు కూడా పని మానకూడదు. ఈ వివరమంతా ఆయనదే. అదే ఊళ్ళో మామూలు కూలీకి ఆ మాత్రమూ వచ్చేది కాదు.

కనీస వేతనం చట్టాలు అప్పటికే మొదలయ్యాయి, 1894లో న్యూజిలాండ్‌లో, 1896లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో. అయితే అసలు లెక్క బయటపడింది 1907లో. మెల్‌బోర్న్ దగ్గర సన్‌షైన్‌లో హెచ్. వి. మెకే కోతయంత్రాల ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్ళకి న్యాయమైన జీతం ఇస్తే సుంకం మాఫీ అంది ఆస్ట్రేలియా చట్టం. ఏది న్యాయమో మాత్రం రాయలేదు. దాన్ని తేల్చే పని జడ్జి హెచ్. బి. హిగిన్స్ మీద పడింది. ఆయన యజమాని లాభాల జోలికి పోలేదు. నాగరిక సమాజంలో మనిషిలా బతకడానికి ఎంత కావాలి అని అడిగాడు. కార్మికుల భార్యలు కోర్టుకొచ్చి ఇంటి ఖర్చులు చెప్పారు. అద్దె, తిండి, వంటచెరకు కలిపితే సగటున వారానికి 32 షిల్లింగుల 5 పెన్నీలు వచ్చింది.

ఆ తర్వాత హిగిన్స్ ఇందులో లేనివేమిటో ఒక చిట్టా రాశాడు. దీపాలు, బట్టలు, బూట్లు, గిన్నెలు, బీమా, పొదుపు, యూనియన్ చందా, పేపరు, ట్రామ్ చార్జీలు, కుట్టుమిషను, పిల్లల బడి సామాన్లు, పొగాకు, రోగం, చావు. చివరికి రోజుకి 7 షిల్లింగులు, అంటే వారానికి 42 అన్నాడు. తొమ్మిదిన్నర షిల్లింగుల్లో ఆ చిట్టా అంతా సర్దుకోవాలన్నమాట. మరుసటేడు హైకోర్టు అసలు ఆ సుంకం చట్టాన్నే కొట్టేసింది. ఆ కొలత మాత్రం ఆస్ట్రేలియాలో దశాబ్దాలు నిలిచింది.

నిలిచింది మగవాళ్ళకి. ఆడవాళ్ళకి పోషించాల్సిన సంసారం ఉండదని ముందే అనేసుకున్నారు. 1919లో బట్టలు కుట్టే ఆడవాళ్ళ కనీస వేతనాన్ని మగవాళ్ళ దాంట్లో 54 శాతంగా కట్టారు. బియ్యే చదవక్కర్లేదు, ఒంటిచేత్తో పిల్లల్ని సాకే ఏ తల్లిని అడిగినా ఈ లెక్కలో తప్పు చెప్పేది. అమెరికాలో 1938లో గంటకి 25 సెంట్లు అంటూ వచ్చిన చట్టం పొలం కూలీల్నీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ బయటే ఉంచింది. ఇంటిపనివాళ్ళు లోపలికి రావడానికి 1974 దాకా పట్టింది.

ఇప్పుడు తగాదా గంటల దగ్గర. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు, ఊబర్ డ్రైవర్లు యాప్ ఆన్ చేసి సవారీ కోసం ఎదురుచూసే టైమ్ కూడా పని కిందే లెక్క అంది. మరుసటి నెల కంపెనీ కనీస వేతనం ఇస్తామని ఒప్పుకుంది, సవారీ ఖాయమైన క్షణం నుంచి.