ఆ ‘ఎస్’ అంటే ఏంటి సార్?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి, తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్లో ఇచ్చే దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే హడావుడి మొదలవుతుంది కాబట్టి ఈ ఉత్తరం. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ఏటా ఫస్టియర్ మొదటి క్లాసులో ఒకటే అడిగేవాణ్ని: ‘‘ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నారు?’’ ఫ్రెండ్ తీసుకున్నాడని ఒకరు, బావ చెప్పాడని ఒకరు, కాలేజీ బస్సు మా ఊరిదాకా వస్తుందని ఇంకొకరు. ఒక ఏడాది ఒకబ్బాయి లేచి, ‘‘ఎంఎస్‌సీఎస్‌లో చివర సీఎస్ అంటే కంప్యూటర్స్ అని తెలుసు సార్. మధ్యలో ఆ ఎస్ అంటే ఏంటి సార్?’’ అన్నాడు.

ఆ ఎస్ నేనే, అంటే నా స్టాటిస్టిక్సే. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

వాడు బాగానే చదివాడు. చిక్కు మూడో ఏడాది వచ్చింది. వాడికి మొదట్నుంచీ ఇష్టం ఫిజిక్స్. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తానని నోటిఫికేషన్ ప్రింటు తీసుకుని నా దగ్గరికొచ్చాడు. అర్హత అన్నచోట, డిగ్రీలో ఫిజిక్స్ చదివి ఉండాలని రాసుంది. ఆ లైను మీద వాడి వేలు ఆగిపోవడం నాకింకా గుర్తే. మూడేళ్ల కిందట మీసేవలో ఫిజిక్స్ ఉన్న ఎంపీసీఎస్, ఫిజిక్స్ లేని ఎంఎస్‌సీఎస్ పక్కపక్కనే కనిపించాయట. ఏది పెట్టమంటావని ఆపరేటర్ అడిగితే, ‘‘ఏదైనా పర్లేదు అన్నా’’ అన్నాట్ట.

వాణ్ని తిట్టబుద్ధి కాలేదు. రెండేళ్లపాటు ఎంసెట్ ర్యాంకు గురించి తప్ప వాడితో ఎవరూ ఇంకో మాట మాట్లాడలేదు. ర్యాంకు రాలేదు. ఇక మిగిలింది ‘ఏదో ఒక డిగ్రీ’.

దోస్త్ ఎలా పనిచేస్తుందో కూడా చాలామందికి తెలియదు. మీరు పెట్టిన వరుసలో కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మీ మార్కులకీ కేటగిరీకీ ఎక్కడ సీటు తగిలితే అక్కడ ఆగిపోతుంది. ఆ కింద మీకు ఎంత ఇష్టమైన కోర్సున్నా దాని మొహం చూడదు. మనవాళ్లేమో ముందు కాలేజీ అనుకుని, అందులో ఏ కోర్సుంటే అది పెట్టేస్తారు. ముందు కోర్సు తేల్చుకోండి, కాలేజీ తర్వాత.

తేల్చుకోవడం ఎలా అంటారా? యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సిలబస్ ఉంటుంది. ఫస్ట్ సెమిస్టర్ పేపరు ఒక్కటి తెరిచి యూనిట్ల పేర్లు చదవండి. సీనియర్ ఎవరైనా దొరికితే వాళ్ల రికార్డు బుక్కు, పాత క్వశ్చన్ పేపరు అడిగి ఒక పూట దగ్గర పెట్టుకోండి. అర్థం కానక్కర్లేదు. అది ఇంకాస్త చదవాలనిపిస్తుందా, మూసేయాలనిపిస్తుందా అన్నది చూసుకుంటే చాలు. ఆ తర్వాత పీజీ నోటిఫికేషన్లో అర్హతల కాలమ్. బీఈడీ చేసి టీచరవుదామనుకుంటే ఏ మెథడాలజీ (అంటే ఏ సబ్జెక్టు బోధించే శిక్షణ) వస్తుందో మీ డిగ్రీ సబ్జెక్టులే తేలుస్తాయి. ఎంసీఏకి ఇంటర్లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలా అన్నదీ ఆ కాలమ్‌లోనే చూసుకోండి. సివిల్స్‌కి మాత్రం ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. అలాంటప్పుడు ఇష్టం లేనిది ఎందుకు చదవడం?

దోస్త్ బయట కూడా దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ కాగానే చేరి అయిదేళ్లకు పీజీతో బయటికి రావచ్చు. తార్నాక దగ్గర ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో జపనీస్, జర్మన్, స్పానిష్ లాంటి భాషలతోనే బీఏ చేయొచ్చు. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో వెళ్తూ లోపల ఏం చెబుతారో తెలియని పిల్లల్ని నేను చూశాను. సైన్సు పిచ్చి ఉన్నవాళ్లకు తిరుపతిలో కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఉంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో అయిపోతాయి. బీకాంలో చేరి సీఏ అవ్వాలనుకునేవాళ్లు డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, ఇంటర్ తర్వాతే సీఏ మొదటి మెట్టు పరీక్ష ఫౌండేషన్ రాయొచ్చు. ఇక నా పక్షపాతం కూడా చెప్పేస్తాను: స్టాటిస్టిక్స్ మహానుభావుడు మహలనోబిస్ 1931లో కలకత్తాలో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ స్టాటిస్టిక్స్ డిగ్రీ బీస్టాట్ చదివేవాళ్లకు, మార్కులు నిలబెట్టుకుంటే, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ప్రవేశ పరీక్ష కష్టమే. అది రాసిన నా స్టూడెంట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాయలేక కాదు, ఉందని తెలియక.

వీటి దరఖాస్తులు చాలావరకు మీరు ఇంటర్ పరీక్షల టెన్షన్లో ఉన్నప్పుడే వచ్చి పోతాయి. సెంట్రల్ యూనివర్సిటీలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, దానిదీ అదే వరస. మీకు ఈ ఏడాది తేదీలు దాటిపోయి ఉంటే మీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇప్పుడే చెప్పండి.

ఇంత చెప్పాను గానీ, నేనేమీ ఆలోచించి స్టాటిస్టిక్స్‌లో చేరలేదు. మ్యాథ్స్ లిస్టులో పేరు లేక చేరాను. నా అదృష్టం, అది నాకు అతికింది. నా బెంచీ మీదే కూర్చున్న ఇద్దరికి అతకలేదు, మధ్యలోనే వెళ్లిపోయారు.

సేవ్ నొక్కే ముందు మీ లిస్టు కాగితం మీద రాసి, ఒక్కో కోర్సు పక్కన అందులో ఉన్న సబ్జెక్టుల పేర్లు పూర్తిగా రాయండి. పొట్టి అక్షరాలు వద్దు. ఎక్కడైనా పెన్ను ఆగితే నాకు ఫోన్ చేయండి. నంబరు మీ దగ్గరుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, పడుకుంటాను.

ఇట్లు,
మీ స్టాటిస్టిక్స్ సార్