టోలుండ్ మనిషి తిన్న చివరి జావ

టోలుండ్ మనిషి దొరికినప్పుడు ముందుగా కబురు వెళ్లింది పోలీసులకు. 1950 మే నెలలో డెన్మార్క్‌లోని సిల్కెబోర్గ్ దగ్గర చిత్తడి నేలలో కొందరు పీట్ తవ్వుతున్నారు. నాచు వేల ఏళ్లుగా పేరుకుని సగమే కుళ్లిన పొరను పీట్ అంటారు, ఎండబెడితే పొయ్యిలోకి పనికొస్తుంది. తవ్వకంలో ఒక ముఖం బయటపడింది. నుదుటి ముడతలు, మాసిన గడ్డం చూసి ఈమధ్యే జరిగిన హత్య అనుకున్నారు. మెడకు తోలు ఉరితాడు ఉంది మరి. కానీ అతను చనిపోయి దాదాపు 2,400 ఏళ్లయింది.

ఇదంతా స్ఫాగ్నమ్ అనే నాచు మహిమ. అది నీటిని ఆమ్లంగా మారుస్తుంది. చల్లదనం, ఆక్సిజన్ కొరత తోడై బాక్టీరియాను పెరగనివ్వవు. నాచులోంచి వచ్చే పదార్థాలు చర్మాన్ని తోలులా పదును చేస్తాయి. అదే ఆమ్లం ఎముకల్లోని కాల్షియాన్ని మాత్రం కరిగించేస్తుంది.

నాకు ఆ ఉరితాడు కన్నా అతని పేగుల్లో మిగిలిన తిండే ఎక్కువ విషయం చెబుతున్నట్టు అనిపిస్తుంది. దొరికిన కొత్తల్లోనే దాన్ని పరీక్షించి గింజలను గుర్తించారు. మిగిలినదాన్ని దాచి ఉంచారు కాబట్టి, పురావస్తు శాస్త్రవేత్త నీనా నీల్సన్ బృందం కొత్త పద్ధతులతో మళ్లీ పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించింది. చనిపోవడానికి 12 నుంచి 24 గంటల ముందు అతను తిన్నది జావ. అందులో సుమారు 85 శాతం బార్లీ, 9 శాతం ఒక కలుపు మొక్క గింజలు, 5 శాతం అవిసెలు. దాంతోపాటు చేప కూడా తిన్నాడు. మాడిన ముక్కలను బట్టి, మట్టికుండలో కాచిన ఆ జావ కొంచెం అడుగంటిందని తెలిసింది. పేగుల్లో బద్దెపురుగు గుడ్లు సహా మూడు రకాల పురుగుల ఆనవాళ్లున్నాయి. అంటే సరిగా ఉడకని మాంసం తిన్నాడు, తాగిన నీళ్లూ శుభ్రమైనవి కావు.

ఆ కలుపు గింజలే అసలు చిక్కు. బార్లీ నూర్చి శుభ్రం చేసినప్పుడు వేరుపడే తుక్కు అది. అప్పట్లో అక్కడ శవాలను దహనం చేసేవారు. ఇతన్ని మాత్రం కళ్లూ నోరూ మూసి, నిద్రపోతున్నట్టు పడుకోబెట్టారు. అందుకే చాలామంది పరిశోధకులు దీన్ని బలి అంటారు. బలికి ముందు కావాలనే ఆ తుక్కు కలిపారా? నాకైతే ఇంత త్వరగా ఆ మాట అనకూడదనిపిస్తుంది. డెన్మార్క్ చిత్తడి నేలలోనే 1952లో దొరికిన మరో శవం, గ్రౌబల్లె మనిషి కడుపులోనూ రకరకాల అడవి గింజలున్నాయి. పంట తక్కువైన ఏడాది మామూలు ఇళ్లలోనూ అలాంటి జావే కాచి ఉండొచ్చు. తేలాలంటే, మిగతా చిత్తడి శవాల కడుపులనూ ఇదే పద్ధతిలో మళ్లీ పరీక్షించాలి.