సెల్ఫ్ కొట్టలేదంటే రిలే పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి ఒడిశాలోని దేవమాలి కొండ చూడ్డానికి వచ్చే కార్లు డిసెంబరు, జనవరుల్లో సెమిలిగుడ, సునాబెడ లాడ్జీల ముందు రాత్రంతా మంచులో తడుస్తాయి. 1672 మీటర్ల కొండ చూడాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. సరిగ్గా అప్పుడే తాళం తిప్పితే కొన్ని బళ్లు పలకవు. వీడియోలు చూసీ చూసీ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) అన్న మాట ఇప్పుడు అందరికీ తెలుసు. "మేస్త్రీ, రిలే ఒకటి పట్టుకుని బేగి వచ్చీ" అని ఫోన్. నేను పట్టుకెళ్లేది వోల్టేజి కొలిచే మీటరు, పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి, ఫ్యూజు కట్టిన వైరు ముక్క. కొత్త రిలే అవసరం పడేది తక్కువే.

అపోహ: సెల్ఫ్ మోటారుకి కరెంటు రిలే లోంచే వెళ్తుంది.

వెళ్లదు. పెట్రోలు కారు సెల్ఫ్ తిరగడానికి 100 ఆంపియర్లు పైనే లాగుతుంది, డీజిలుకి ఇంకా ఎక్కువ. రిలే మీద రాసి ఉండేది 30 లేదా 40 ఆంపియర్లే. అందులో రెండు భాగాలుంటాయి. 85, 86 పిన్నుల (రిలే కింద కాళ్లకి ఉండే నంబర్లు ఇవి) మధ్య సన్నని కాయిల్. దానికి ఆంపియరులో అయిదో వంతు కూడా అక్కర్లేదు. 30, 87 మధ్య స్విచ్చు. తాళం తిప్పితే కాయిల్ ఆ స్విచ్చుని కలుపుతుంది, 87 నుంచి సొలెనాయిడ్‌కి (సెల్ఫ్ దగ్గరుండే పెద్ద అయస్కాంత స్విచ్చు) కరెంటు పోతుంది. మోటారుకి లావు కేబుల్‌ని కలిపేది సొలెనాయిడే. అంటే బండి పలకలేదంటే తప్పు తాళం దగ్గర, క్లచ్ స్విచ్ (క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ కొట్టనిచ్చేది) దగ్గర, రిలేలో, సొలెనాయిడ్‌లో, మోటారులో, ఎర్త్‌లో (బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజిన్‌కీ కలిపే దారి) ఎక్కడైనా ఉండొచ్చు.

అపోహ: టిక్ మంది కాబట్టి రిలే బాగుంది.

టిక్ మంటే కాయిల్ పనిచేసిందని మాత్రమే. లోపల స్విచ్చు పాయింట్లు కాలిపోయి ఉంటే టిక్ అంటుంది గానీ కరెంటు దాటదు. శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా వినాలి. ఫ్యూజు బాక్సులో సన్నగా టిక్ మంటే రిలే. ఇంజిన్ కింద నుంచి ఒక్కసారి టక్ మని ఆగిపోతే సొలెనాయిడ్ దాకా పని జరిగింది, మోటారుగానీ దాని కేబుల్‌గానీ చూడాలి. గబగబా టకటకటక మని కొట్టుకుంటోందంటే ముందు బ్యాటరీనీ దాని టెర్మినళ్లనీ అనుమానించండి. సొలెనాయిడ్ లాగగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్లీ లాగుతుంది. ఆ శబ్దం విని రిలే మార్చే మేస్త్రి దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

అపోహ: మీటరులో 12 చూపిస్తోంది, ఇంక వైరింగుకి ఢోకా లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే. మొదటి సంగతి, ఊరికే ఉన్న బ్యాటరీకి 12 అంటే దాదాపు ఖాళీ. నిండుగా ఉంటే 12.6, సగముంటే 12.2. రెండోది, మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. వైరులో పోగులన్నీ ఎలక కొరికేసి ఒక్కటి మిగిలినా మీటరు నిశ్చింతగా 12 అంటుంది. సొలెనాయిడ్ లాగబోయేసరికి అక్కడేమీ ఉండదు. అందుకే కొలత ఎప్పుడూ తాళం తిప్పి పట్టుకున్నప్పుడే. పక్కన మనిషి ఉండాలి.

బ్యాటరీ మీద మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించండి, 9.6 కంటే దిగిందంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి. చలికి దాని సత్తువ తగ్గుతుంది, ఆయిలు చిక్కబడి ఇంజిన్ బరువెక్కుతుంది. కింద విజయనగరంలో బండిని నెట్టుకొచ్చిన ముసలి బ్యాటరీ ఇక్కడికొచ్చి చేతులెత్తేసేది అందుకే. తర్వాత ఎర్త్. నల్ల వైరు బ్యాటరీ మైనస్ పోల్ మీద (క్లాంప్ మీద కాదు, సీసం మీదే), ఎర్ర వైరు ఇంజిన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందనుకోవచ్చు. కోరాపుట్ వానలకి అది మామూలే. ప్లస్ పోల్ నుంచి సెల్ఫ్ లావు బోల్టు దాకా అలాగే చూస్తే 0.5 దాటకూడదు.

ఇంక రిలే సాకెట్. రిలే పీకి, 30 రంధ్రానికీ మైనస్‌కీ మధ్య హెడ్‌లైట్ బల్బు పెడతాను. తెల్లగా వెలిగితే ఫీడు (బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు) బాగుంది, ఎర్రగా నీరసంగా ఉంటే మధ్యలో ఎక్కడో కాలింది. ఆ బల్బుని 85, 86 వైపు మాత్రం పెట్టకండి. కొత్త బళ్లలో కాయిల్‌ని నడిపేది ఈసీయూ (బండి కంప్యూటరు), అంత కరెంటు దాని లోపలి ట్రాన్సిస్టరుకి పడదు. అక్కడ మీటరు చాలు. తాళం తిప్పినప్పుడు 85, 86 మధ్య బ్యాటరీ వోల్టేజి రాకపోతే రిలేది తప్పు కాదు, వెనక్కి వెళ్లండి. వెనక్కంటే చాలా బళ్లలో క్లచ్ స్విచ్చే. లావు మ్యాట్ జరిగి పెడల్ కిందికి చేరితే క్లచ్ పూర్తిగా దిగదు, స్విచ్చు కలవదు. మ్యాట్ లాగేసి డబ్బులు తీసుకోవాలంటే సిగ్గేస్తుంది గానీ, పెట్రోలు పోసుకుని వచ్చాం కదా.

30, 87 మధ్య ఫ్యూజు వైరు కలిపితే సెల్ఫ్ తిరిగిందా? అయితే అటువైపంతా బాగుంది; తప్పు రిలేలోనో కాయిల్ వైపో. కానీ ఇది చేసే ముందు గేర్ తీశారో లేదో చేత్తో ఆడించి చూడండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఘాట్‌లో గేర్‌లో పెట్టి ఆపడం మనందరి అలవాటు. వైరు కలిపితే క్లచ్ స్విచ్ కాపలా ఉండదు, బండి మీదికి దూకుతుంది.

అపోహ: హారన్ రిలే తీసి పెట్టి చూస్తే తేలిపోతుంది.

నంబరూ, పైనున్న బొమ్మా ఒకటే అయితే పర్వాలేదు. కొన్నిట్లో కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉంటుంది. అలాంటిదాన్ని 85, 86 తారుమారుగా ఉన్న చోట పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది.

అపోహ: దిగుడులో ఆపుకుంటే చాలు, వదిలి స్టార్ట్ చేసుకోవచ్చు.

ఆటోమేటిక్ బళ్లకి ఇది కుదరదు. మిగతావాటికి కుదిరినా సుంకి మలుపుల్లో చేయకండి. ఇంజిన్ నడవనప్పుడు బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది, బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగూ అంతే. జంపర్ కేబుల్ కొనుక్కోవడం చవక.

ఇంకోటి, అరుదే గానీ భయపెడుతుంది. నీరసంగా ఉన్న బ్యాటరీతో పదేపదే తాళం తిప్పితే పాయింట్లు మిణుకుమిణుకుమంటూ కలిసి విడిపోతూ, నిప్పురవ్వలకి అతుక్కుపోవచ్చు. బండి స్టార్టయ్యాక కూడా సెల్ఫ్ గరగరా తిరుగుతూనే ఉంటుంది. వెంటనే ఇంజిన్ ఆపి రిలే పీకండి. ఆగిందంటే అతుక్కున్నది రిలే. ఆగలేదంటే అతుక్కున్నది సొలెనాయిడ్; అప్పుడు బ్యాటరీ మైనస్ విప్పేయాలి. చాలా బళ్లకి దానికి 10 నంబరు స్పానర్ సరిపోతుంది. డిక్కీలో కాదు, ముందు డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.