పదకొండో వచనానికి ముందున్న డెబ్బై ఏళ్లు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద వాదన మళ్లీ మొదలైంది. ఆ కార్డుల మీద తరచుగా కనబడే బైబిలు వాక్యాల్లో యిర్మీయా 29:11 ఒకటి. దేవుడు తలపెట్టినవి ‘సమాధానకరమైన ఉద్దేశములు’ అనే మాట అందులోదే. ఈ ఏడాది నా ఇంటికి, నా ఉద్యోగానికి దేవుడు ఇచ్చిన మాట ఇదేనని కొందరంటారు. ఆసుపత్రి మంచం పక్కన ఆ కార్డు పెట్టుకుని ధైర్యం తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల విశ్వాసాన్ని తక్కువ చేయలేం. కానీ దానికి సరిగ్గా పైనే పదో వచనం ఉంది. బబులోను రాజ్యానికి డెబ్బై ఏళ్లు నిండాకే, అక్కడ చెరలో ఉన్న మిమ్మల్ని వెనక్కి రప్పిస్తానని అందులో ఉంది. కార్డు మీద దానికి చోటు దొరకదు.

యూదా రాజ్యం ఎందుకు కూలిందో బైబిలు చదివేవాళ్లకు తెలిసిన కథే. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకుని యెకొన్యా రాజును, పెద్దలను, చేతిపనివాళ్లను చెరపట్టుకుపోయాడు. సిద్కియాను గద్దె మీద కూర్చోబెట్టాడు. నా ఉద్దేశంలో అసలు మలుపు ఆ తర్వాత మూడు, నాలుగేళ్లకు, దేవాలయంలో అందరి ముందూ జరిగింది.

ప్రవక్త యిర్మీయా మెడ మీద కొయ్య కాడి వేసుకుని తిరుగుతున్నాడు. బబులోను రాజుకు లోబడండి, ఇది దేవుని తీర్పు అని చెబుతున్నాడు. గిబియోనువాడైన హనన్యా అనే మరో ప్రవక్త ఎదురొచ్చి, రెండేళ్లలో ఆ కాడి విరుగుతుంది, ఆలయపు పాత్రలూ యెకొన్యా రాజూ తిరిగొస్తారు అన్నాడు. అతని మాటకు ఆధారం లేకపోలేదు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చినా యెరూషలేము నిలిచింది. అప్పుడు కాపాడిన దేవుడు ఇప్పుడు మాత్రం ఎందుకు కాపాడడు?

యిర్మీయా మొదట ‘ఆమేన్’ అన్నాడు. యెహోవా అలాగే చేయుగాక అన్నాడు. నాకు ఈ ఘట్టంలో అన్నిటికన్నా విలువైన చోటు అదే. తీర్పును ప్రకటించేవాడు తీర్పును కోరుకోవడం లేదు. అయితే క్షేమం చెప్పే ప్రవక్త మాట నెరవేరితేనే దేవుడు అతన్ని పంపాడని తెలుస్తుందని గుర్తుచేశాడు. హనన్యా ఆ కాడిని లాగి విరగ్గొట్టాడు. యిర్మీయా ఏమీ అనకుండా తన దారిన తాను వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన వాక్కు ఇది: కొయ్య కాడికి బదులు ఇనుప కాడి వస్తుంది. అదే ఏడాది ఏడో నెలలో హనన్యా చనిపోయాడు.

బబులోను తవ్వకాల్లో బయటపడ్డ మట్టి పలకల్లో రాజు కొలువు నుంచి నూనె పంచిన లెక్కలున్నాయి. క్రీ.పూ. 592 నాటి ఒక పలక మీద యూదా రాజు యెకొన్యా పేరుంది. హనన్యా పెట్టిన రెండేళ్ల గడువు దాటే వేళకు రాజు ఇంకా అక్కడే నూనె కొలతలు తీసుకుంటున్నాడు. క్రీ.పూ. 586లో ఆలయం కూడా తగలబడింది.

ఆలయం తగలబడక ముందే, సిద్కియా రోజుల్లో, యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. పదకొండో వచనం ఈ ఉత్తరంలోదే. బబులోను దేశంలోని నిప్పూరు ప్రాంతంలో ‘యూదా ఊరు’ అని పిలిచిన పల్లె ఒకటి ఉండేది. దాని పలకలు 2014లో అచ్చయ్యాయి. క్రీ.పూ. 572 నుంచి మొదలయ్యే ఆ పలకల్లో యూదా కుటుంబాలు పొలాలు కౌలుకు తీసుకోవడం, శిస్తు కట్టడం, అప్పులు రాసుకోవడం కనిపిస్తాయి. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది అక్కడే కన్నుమూసి ఉంటారు. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును గెలిచాక తిరుగు ప్రయాణం కట్టింది చాలావరకు వాళ్ల పిల్లలు, మనవలు.

త్వరగా తిరిగి రావడం జరగదన్న ఈ యిర్మీయాే, బబులోను సేన యెరూషలేమును ముట్టడిస్తుండగా, తాను కాపలాలో బందీగా ఉండి, తన సొంత ఊరు అనాతోతులో పినతండ్రి కొడుకు పొలాన్ని పదిహేడు తులముల వెండికి కొన్నాడు. సాక్షులను పెట్టి క్రయపత్రాలు రాయించి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో దాచమన్నాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు మళ్లీ కొంటారన్నది అతనికొచ్చిన వాక్కు. ఆ పొలాన్ని అతను మళ్లీ చూశాడని గ్రంథంలో లేదు. అతన్ని బలవంతంగా ఐగుప్తుకు (ఈజిప్టుకు) తీసుకుపోయారు.